వేయించిన చికెన్‌కు మసాలా: ఏది వేయాలి, ఎక్కడ వేయాలి

[తెరపై: తెల్లని పళ్లెంలో విడివిడిగా పోసిన పదకొండు చిన్న మసాలా కుప్పలు.]

నమస్కారం. ఇంట్లో చికెన్ వేయిస్తూ మసాలా మీద ప్రయోగాలు చేసేవారు ఎప్పుడో ఒకప్పుడు కెంటకీ ఫ్రైడ్ చికెన్ (కెఎఫ్‌సి) వారి పదకొండు దినుసుల రహస్యం గురించి ఆరా తీయకుండా ఉండరు. ఆ సంస్థ వ్యవస్థాపకుడు హార్లాండ్ సాండర్స్ 1940లో ఖరారు చేసిన ఆ మిశ్రమాన్ని సంస్థ ఇంతవరకు బయటపెట్టలేదు. 2016లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక, సాండర్స్ కుటుంబీకుల పాత పుస్తకంలో ఉన్న ఒక చేతిరాత జాబితాను ప్రచురించింది గానీ, అసలు జాబితా అదేనని సంస్థ ఒప్పుకోలేదు. నిజానిజాల మాట అటుంచితే, ఆ కాగితంలో మనం గమనించవలసినవి రెండున్నాయి. నాలుగు చెంచాల పాప్రికా (కారం తక్కువగా ఉండే ఎర్ర మిరప పొడి), మూడు చెంచాల తెల్ల మిరియాల పొడి ఉన్నచోట నల్ల మిరియాల పొడి ఒక్క చెంచాయే ఉంది. పైగా ఆ మసాలా అంతటినీ రెండు కప్పుల పిండిలో కలపమని రాసి ఉంది.

ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు. నా ఉద్దేశంలో అసలు కిటుకు అక్కడే ఉంది. ఒకే చెంచా వెల్లుల్లి పొడిని మాంసం నానబెట్టేటప్పుడు వేస్తే ఒక రుచి, పిండిలో కలిపితే మరొక రుచి, వేయించి తీసిన తరువాత చల్లితే పూర్తిగా వేరే రుచి వస్తుంది. కాబట్టి ఏ మసాలా వేయాలి అని అడిగే ముందు, దానిని ఎక్కడ వేయాలి అన్నది తేల్చుకోవాలి.

[తెరపై: గిన్నెలో మజ్జిగ, అందులో మునిగిన చికెన్ ముక్కలు.]

ముందుగా మాంసం సంగతి చూద్దాం. రాత్రంతా నానబెడితే మసాలా ముక్క లోపలి దాకా ఇంకుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి లోపలికి బాగా దిగేది ఉప్పు ఒక్కటే. మసాలాల ఘాటును, వాసనను మోసే పదార్థాలు ఎక్కువగా నూనెలో కరిగేవి కావడం వల్ల, నీరు నిండిన మాంసంలోకి అవి అంతగా చొరబడలేవు. ఎంతసేపు ఉంచినా పైపొరనే అంటిపెట్టుకుని ఉంటాయి. అందుచేత నానబెట్టే దశలో ఖరీదైన మసాలాలు గుప్పించడం వృథా. మాంసం బరువులో ఒక శాతం, అంటే కిలోకు సుమారు 10 గ్రాముల ఉప్పు, ముక్కలు మునిగేంత పుల్లని చిక్కటి మజ్జిగ ఉంటే చాలు. ఫ్రిజ్‌లో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచితే ఉప్పు సమంగా పట్టి, వేయించేటప్పుడు ముక్క తన తేమను అంత సులభంగా వదులుకోదు. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి గుర్తించిన గ్లుటమేట్ రుచి మీకు ఇష్టమైతే, మోనోసోడియం గ్లుటమేట్‌ను (అజినొమోటో) కూడా ఈ దశలోనే కలపవచ్చు, ఎందుకంటే అదీ ఉప్పులాగే నీటిలో కరుగుతుంది.

ఇక పిండి. ప్రయోగాలకు అసలైన చోటు ఇదే కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

[తెరపై: తూకం మీద గిన్నె, మైదా, ఆ తరువాత మొక్కజొన్న పిండి పడుతున్నాయి.]

నేను సూచించే మూల మిశ్రమం 250 గ్రాముల మైదా, 50 గ్రాముల మొక్కజొన్న పిండి, 5 గ్రాముల ఉప్పు. మొక్కజొన్న పిండిలో, మైదాకు సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ ఉండదు కాబట్టి పొర సాగకుండా కరకరలాడుతుంది. దీనికి మసాలాలన్నీ కలిపి 25 నుంచి 35 గ్రాముల వరకు పడతాయి. చెంచాలతో కాకుండా గ్రాముల్లో తూచుకోవడం తప్పనిసరి. మెత్తగా దంచిన పొడికీ బరకగా ఉన్న పొడికీ చెంచా బరువు ఒకటి కాదు, తూచి రాసుకోకపోతే బాగా కుదిరిన మిశ్రమాన్ని రెండోసారి చేయలేరు.

పిండిలో కలిసిన ప్రతి పొడీ 170 డిగ్రీల నూనెను నేరుగా ఎదుర్కోవాలి. మిరియాలు, శొంఠి, ధనియాలు ఆ వేడికి బాగానే తట్టుకుంటాయి. వెల్లుల్లి పొడి, మెత్తటి కారం, చక్కెర మాత్రం త్వరగా మాడి చేదెక్కుతాయి. పాప్రికా విషయంలో కూడా జాగ్రత్త అవసరం. దాని వల్ల వచ్చేది కారం కాదు, రంగూ కొద్దిపాటి తీపీ, ఆ తీపే మాడటానికి కారణమవుతుంది. ఆవపొడి కథ వేరు. ఆవాల ఘాటు తడి తగిలినప్పుడు ఒక ఎంజైమ్ చర్య వల్ల పుడుతుంది. పొడి పిండిలో ఉన్న ఆవపొడికి ఆ అవకాశం తక్కువ, పుట్టిన కాస్త ఘాటూ నూనె వేడికి పోతుంది. చివరికి మిగిలేది సన్నని చేదు, ఒక రకమైన నిండుదనం. ముక్కుకెక్కే ఘాటు కావాలనుకునేవారు పిండిలో ఎంత ఆవపొడి పోసినా ప్రయోజనం ఉండదు.

[తెరపై: నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు పక్కపక్కన; దగ్గరగా.]

తెల్ల మిరియాలు, నల్ల మిరియాలు ఒకే తీగకు కాసేవే. పండిన గింజలను నీటిలో నానబెట్టి పైతొక్క తీసేస్తే తెల్ల మిరియాలవుతాయి. నల్ల మిరియాల పరిమళం చాలావరకు ఆ పైతొక్కలోనే ఉంటుంది, కారం మాత్రం లోపలి గింజలో ఉండిపోతుంది. అందువల్ల తెల్ల మిరియాల పొడి వేసిన పొరలో ముందు ఏమీ తెలియదు. నమిలి మింగిన తరువాత గొంతులో నెమ్మదిగా వెచ్చదనం మొదలవుతుంది. ఇందాక చెప్పిన జాబితాలో దానికి అంత పెద్దపీట వేయడానికి కారణం బహుశా ఇదే. అయితే మోతాదు మించితే ఒక రకమైన ముక్కిపోయిన వాసన వేస్తుంది కనుక, మన 300 గ్రాముల పిండికి 4 గ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం మంచిది. లవంగం, దాల్చినచెక్క వంటివి వేయదలిస్తే చిటికెడు దాటవద్దని నా సలహా. లవంగంలోని యూజినాల్ అనే పదార్థం నాలుకను మొద్దుబారుస్తుంది, ఆ తరువాత మిగతా రుచులేవీ తెలియవు.

[తెరపై: నాలుగు చిన్న గిన్నెలు, అడుగున అంటించిన కాగితపు గుర్తులు.]

పరీక్షించే పద్ధతికి వద్దాం. కిలో మాంసం ముందు పెట్టుకుని కొత్త మిశ్రమం ప్రయత్నించనక్కరలేదు. మసాలా కలిపిన పిండి రెండు చెంచాలు తీసుకుని, కాస్త మజ్జిగతో గట్టి జారుగా కలిపి, చిన్న చిన్న బొట్లుగా వేడి నూనెలో వేయండి. రెండు నిమిషాల్లో పొర రుచి ఎలా ఉండబోతుందో తెలిసిపోతుంది. పచ్చి పిండిని మాత్రం నాలుక మీద వేసుకుని రుచి చూడవద్దు; వేడి తగలని గోధుమ పిండిలో హానికరమైన బాక్టీరియా ఉండవచ్చు. పచ్చి మాంసం తగిలిన పిండిని దాచుకోకుండా పారవేయాలని వేరే చెప్పనక్కరలేదు.

బొట్ల పరీక్షలో నెగ్గినవాటినే మాంసం మీద చూడాలి. మూల మిశ్రమాన్ని నాలుగు గిన్నెల్లోకి తీసుకుని, మొదటిదానిలో మిరియాల పొడి మాత్రమే వేసి, మిగిలిన మూడింటిలో అదే మిరియాల పొడికి తోడుగా ఒక్కొక్క దినుసు చేర్చండి. ఎముక లేని తొడ మాంసాన్ని ఒకే పరిమాణంలో ముక్కలు కోసి పిండి పట్టించి, పావుగంట అలా వదిలేస్తే పిండి తడిని పీల్చుకుని ముక్కకు గట్టిగా అంటుకుంటుంది. వేయించేటప్పుడు ఘాటు తక్కువ ఉన్నదాన్ని ముందు, ఎక్కువ ఉన్నదాన్ని చివర వేయాలి. రాలిన మసాలా నూనె అడుగున మాడుతూ తరువాతి ముక్కలకు తన రుచిని అంటగడుతుంది కనుక, మధ్యమధ్య జల్లిగరిటెతో ఆ రాలిన పొడిని తీసేయడం మరవకూడదు. తీసిన వెంటనే తినకుండా ఐదు నిమిషాలు ఆగండి, పొగలు కక్కే ముక్కలో ఉప్పెంతో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఏ ముక్క ఏ గిన్నెదో తెలియనివారి చేత రుచి చూపిస్తే తీర్పు నిష్పక్షపాతంగా ఉంటుంది. ఏలకులు నేనే వేశాను అని తెలిసిన మనిషికి ప్రతి ముక్కలోనూ ఏలకుల వాసనే వస్తుంది.

[తెరపై: జల్లెడలోంచి వేడి ముక్కల మీద రాలుతున్న సన్నని పొడి.]

మూడో చోటు, వేయించిన తరువాత. నూనె వేడికి ఎగిరిపోయే పరిమళాలు, మాడిపోయే పొడులు ఇక్కడికి చేరాలి. వెల్లుల్లి పొడి, కారం, పొడి చక్కెర, ఎండు ఆకుల పొడి, నిమ్మతొక్క తురుము అన్నీ ఈ దశకు చక్కగా సరిపోతాయి. ముక్క మీది నూనె ఆరకముందే, అంటే తీసిన నిమిషంలోపు చల్లితేనే పొడి నిలుస్తుంది; ఆలస్యమైతే పళ్లెంలోకి రాలిపోతుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత బాగా పడుతుంది కాబట్టి సన్నని జల్లెడ వాడండి. అమెరికాలోని నాష్‌విల్ నగరపు హాట్ చికెన్ ఈ పద్ధతిని మరో మెట్టు ఎక్కించింది. అక్కడ కాయెన్ అనే ఘాటైన మిరప పొడిని వేడి కొవ్వులో కలిపి, వేయించిన ముక్కలకు పైన పూస్తారు. మిరపలోని కారం నూనెలో కరుగుతుంది గనుక అది పొరంతా సమంగా పాకుతుంది. ఇంట్లో చేసేటప్పుడు వేయించిన నూనెను గరిటెడు పక్కకు తీసి, కాస్త వేడి తగ్గాక కారం కలపండి; సలసల కాగే నూనెలో వేస్తే క్షణంలో నల్లబడుతుంది.

నచ్చిన మిశ్రమాన్ని ఎముక ఉన్న పెద్ద ముక్కలకు వాడేటప్పుడు ఒక సవరణ అవసరం. చిన్న ముక్కలు నాలుగైదు నిమిషాల్లో వేగుతాయి. ఎముకతో ఉన్న తొడలు, కాళ్లు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు నూనెలో ఉండాలి. పరీక్షలో చక్కగా అనిపించిన వెల్లుల్లి పొడి, పాప్రికా అంతసేపటికి మాడవచ్చు. కనుక ఆ రెంటినీ పిండిలో సగానికి తగ్గించి, మిగిలిన సగాన్ని పైన చల్లే పొడిలోకి మార్చండి, నూనెను 160 డిగ్రీల దగ్గర ఉంచండి. ముక్క మధ్యలో, ఎముకకు తగలకుండా గుచ్చిన థర్మామీటర్ 74 డిగ్రీలు చూపగానే బయటకు తీసి జల్లెడ అందుకోవచ్చు.