పట్టాలెక్కని రైలుపెట్టె

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు.

న్యూజెర్సీలో ఉండే మనకు డైనర్, అంటే రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే చిన్న హోటల్, కొత్త కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక్కసారైనా తీసుకెళ్తాం. మా నాన్నగారు మొదటిసారి చూసినప్పుడు, "పాత రైలుపెట్టెని హోటల్ చేశార్రా?" అని అడిగారు. అవునన్నాను. ఆ తర్వాత ఎంతోమందికి అదే చెప్పాను కూడా. తీరా చదివితే అది తప్పని తేలింది. కొన్ని పాత ట్రాముల్ని వదిలేస్తే, ఈ డైనర్లలో ఎక్కువ భాగం ఏనాడూ పట్టాలెక్కలేదు. హోటల్‌గానే పుట్టాయి, అదీ ఫ్యాక్టరీలో. మరి రైలుపెట్టెలా ఎందుకున్నాయి? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

1872లో, రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్. రాత్రి ఎనిమిదయితే ఊళ్లో హోటళ్లన్నీ మూత. పత్రికాఫీసుల్లో మాత్రం పని అప్పుడే ఊపందుకునేది. వాల్టర్ స్కాట్ అనే ప్రెస్సు పనివాడు కుర్రతనం నుంచే రాత్రిళ్లు బుట్టలో శాండ్‌విచ్‌లు, కాఫీ పెట్టుకుని తిరిగి అమ్మేవాడు. ఆ ఏడాది ప్రెస్సు పని మానేసి, ఒక సరకుల బండికి గుర్రాన్ని కట్టి పత్రికాఫీసు ముందు నిలబెట్టాడు. బండికి రెండు వైపులా కిటికీలు. లోపల స్కాట్ ఒక్కడే, తినేవాళ్లంతా బయట. ఉడికించిన గుడ్డు, రొట్టె ముక్క కలిపి అయిదు సెంట్లు. రెండో ఆట వదిలాక సినిమా హాలు ముందు పెట్రోమాక్స్ లైటు పెట్టుకున్న బండి దగ్గర తిన్నవాళ్లకి నేను ఇంతకంటే వివరించక్కర్లేదు.

వానొస్తే మాత్రం తినేవాడు తడవాల్సిందే. 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో శామ్యూల్ జోన్స్ జనం లోపలికొచ్చి నిలబడి తినే బండి కట్టించాడు. 1891లో అదే ఊరి చార్లెస్ పామర్ ఇలాంటి బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే థామస్ బక్లీ వీటిని వరసపెట్టి తయారుచేసి ఊరూరా అమ్మాడు. సారా కొట్టు తప్ప రాత్రిపూట ఇంకేదీ తెరిచుండని రోజులవి. అందుకే న్యూయార్క్‌లో తాగుడు మాన్పించే చర్చి సంఘం కూడా 1893 నుంచి ఇలాంటి బండ్లు నడిపింది.

చిక్కు పగటితో వచ్చింది. వ్యాపారం బాగుందని బండివాళ్లు తెల్లారినా కదిలేవారు కాదు. వీధులు ఇరుకైపోయి మున్సిపాలిటీలు మండిపడ్డాయి. పొద్దున పదికల్లా రోడ్డు ఖాళీ చెయ్యాలని 1912లో ప్రావిడెన్స్ హుకుం జారీ చేసింది. ఇక రోజూ ఈ గొడవెందుకని చాలామంది వీధి పక్కన కాస్త ఖాళీ జాగా అద్దెకు తీసుకుని, బండిని అక్కడే దించేసి, నీళ్ల గొట్టం, గ్యాసు గొట్టం తగిలించారు. బండి హోటలైంది.

చక్రాల పని పోయింది గానీ ఆకారం పోలేదు. ఎందుకంటే ఇల్లయితే కట్టినచోటే ఉంటుంది. ఇది ఫ్యాక్టరీలో తయారై, రోడ్డు మీదో గూడ్సు బండి మీదో వంతెనల కిందుగా రావాలి. అందుకని వెడల్పు సుమారు 10 అడుగుల దగ్గర ఆగిపోయింది. వెడల్పు పెంచలేనివాడు పొడవు పెంచుతాడు. ఆ పది అడుగుల్లోనే వంటమనిషి, కౌంటరు, స్టూళ్లు, వెనక మనిషి నడిచే దారి, అన్నీ ఇమడాలి. ఈసారి వెళ్లినప్పుడు పాతకాలం డైనర్‌లో కౌంటర్ దగ్గరే కూర్చుని వంటాయన్ని గమనించండి. ఇటు తిరిగితే పెనం, అటు తిరిగితే కాఫీ పాత్ర, చెయ్యి చాపితే మీ ప్లేటు. అడుగు తీసి అడుగు వెయ్యాల్సిన పని లేదు. మా ఇంట్లో వంటగదికి ఇంత ఖర్చు పెట్టించినా ఆ సుఖం రాలేదు!

రైలు పోలికకి ఇంకో కారణం కూడా ఉంది. కరెంటు ట్రాములొచ్చాక పాత గుర్రపు ట్రాములు చౌకగా దొరికాయి. చేతిలో నాలుగు డబ్బులున్నవాడల్లా ఒకటి కొని పొయ్యి పెట్టేశాడు. అవి కారేవి, మురికిగా ఉండేవి. మర్యాదస్తులు అటు వెళ్లేవారు కాదు. దాంతో మంచి బండ్లు చేసేవాళ్లకీ చెడ్డపేరొచ్చింది. 1920ల్లో ఈ బండ్లకున్న 'లంచ్ కార్' అన్న పేరు వెనక్కి పోయి 'డైనర్' వాడుకలోకొచ్చింది. ఆడవాళ్లకూ స్వాగతమని బోర్డులు పెట్టారు, కూర్చోడానికి బల్లలు వేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌లో డైనర్లు తయారుచేసే పాట్రిక్ టియర్నీ అంతకుముందే మరుగుదొడ్డిని లోపలికి తెచ్చాడు. పాపం, ఆయన 1917లో ఓ డైనర్‌లో భోంచేసి అజీర్తితో పోయాడని చెప్తారు.

మన రాష్ట్రం సంగతికొస్తే, జెర్రీ ఓమహొనీ తను చేసిన మొదటి బండిని 800 డాలర్లకు అమ్మాడు. తర్వాత ఎలిజబెత్‌లో పెద్ద ఫ్యాక్టరీ నడిపాడు. ఆ కంపెనీ మొత్తం రెండు వేల డైనర్ల దాకా తయారుచేసింది. డైనర్ ప్లేట్లు, చెంచాలతో సహా వచ్చేది. కొంత సొమ్ము ముందు కట్టి, మిగతాది వాయిదాల్లో తీర్చుకోవచ్చు. లారీ కొన్నట్టే హోటల్ కొనుక్కోవడం అన్నమాట. బ్యాంకు మొహం చూడని వలసవాళ్లకి ఇది ఎంత పెద్ద దారో మనకి తెలుసు.

మరి మా నాన్నగారు పూర్తిగా పొరబడ్డారా? లేదు. 1930ల్లో నున్నగా దూసుకుపోయే కొత్త రైళ్లొచ్చాక, మసాచుసెట్స్‌లోని జడ్‌కిన్స్ కంపెనీ కావాలనే రైలు ముక్కుతో స్టెర్లింగ్ స్ట్రీమ్‌లైనర్ డైనర్లు చేసింది. స్కాట్ బండి నిలబెట్టిన ప్రావిడెన్స్ పక్కనే, పాటకెట్‌లో అలాంటిదొకటి ఉంది, పేరు మోడర్న్ డైనర్. 1978లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కిన మొదటి డైనర్ అదే.

పోయిన వేసవిలో వూస్టర్ వెళ్లాను. అక్కడ 1906లో మొదలైన వూస్టర్ లంచ్ కార్ కంపెనీ తన డైనర్లకు నంబర్లు వేసేది, అదీ 200 నుంచి! కొత్త కంపెనీ అని తెలియకూడదనేమో. 850 దగ్గర ఆగేసరికి లెక్క 651. ఒకప్పటి ఆ ఫ్యాక్టరీకి ఎదురుగానే మిస్ వూస్టర్ అనే డైనర్ ఇంకా నడుస్తోంది, దాని నంబరు 812. లోపలికెళ్లి గుడ్డు, రొట్టె, కాఫీ చెప్పాను. అయిదు సెంట్లకి మాత్రం రాలేదు.