నాలుగు ఇరవైలూ పదిహేను

అందరికీ నమస్కారం. ఈ రోజు మాలిక్యులర్ బయాలజీ గురించి మాట్లాడమన్నారు. అంటే మన ఒంట్లో కణాల లోపల డీఎన్ఏ, ప్రొటీన్లు ఏం పని చేస్తున్నాయో తెలుసుకునే చదువు. నేను ఫ్రాన్స్‌లో రెండేళ్లు అదే చదివాను, సగం ఇంగ్లీషులో, సగం ఫ్రెంచిలో. ఆ రెండేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది 95 అనే అంకె.

మాది మైదుకూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కణం, కేంద్రకం, జన్యువు అని బట్టీ పట్టి కడపలో ఇంటర్‌లో చేరితే, అవన్నీ రాత్రికి రాత్రి సెల్, న్యూక్లియస్, జీన్ అయిపోయినాయి. మొదటి ఆర్నెల్లూ క్లాసులో తల ఊపడమే. కాబట్టి మాస్టర్స్‌లో రెండు భాషలంటే, ఇది మనకు అలవాటైన కష్టమేలే అనుకున్నా. కొంతవరకు నిజమే కూడా. డీఎన్ఏని అక్కడ ఆ-డే-ఎన్ అంటారు, అక్షరాలు తిరగేసి. పక్కనున్న జర్మనీలో దాన్నే డీఎన్ఎస్ అనడం కూడా విన్నాను. కేంద్రకానికి ఫ్రెంచి మాట న్వాయో, ఆ మాటకే టెంక అని కూడా అర్థం. పదేళ్లుగా కేంద్రకం, న్యూక్లియస్ అని రాసినా నా కళ్లకు ఏ బొమ్మా కట్టలేదు గానీ, మామిడిపండులో టెంక అనగానే కట్టింది.

ఇక 95 సంగతి. పీసీఆర్ టెస్టు అని కరోనా రోజుల్లో అందరం విన్నాం కదా. కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 1983లో వచ్చిన ఆలోచన అది, దానికే 1993లో నోబెల్ ఇచ్చారు. డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి అది. చేసేదేమిటంటే, డీఎన్ఏని 95 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మెలిపెట్టిన రెండు పోగులూ విడిపోతాయి, 55 దగ్గరికి చల్లారిస్తే ప్రైమర్లనే చిన్న ముక్కలు వాటికి అతుక్కుంటాయి, 72 దగ్గర ఒక ఎంజైము ఆ ముక్కల్ని పట్టుకుని రెండో పోగును అల్లుకుంటూ పోతుంది. ఒక చుట్టుకు ఒకటి రెండవుతుంది, 30 చుట్లకు నూరు కోట్లు దాటుతుంది. అంత వేడికి ఎంజైము ఉడికిపోదా అంటే, దాన్ని తెచ్చింది అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియా నుంచి, దానికి ఆ వేడి లెక్కే లేదు.

ల్యాబులో నా సీనియర్ హడావిడిగా ఉండి టెంపరేచర్ నోటితో చెప్పింది: కత్ర్-వాం-కాంజ్. ఫ్రెంచిలో 80కి వేరే మాట లేదు, కత్ర్-వాం అంటే నాలుగు ఇరవైలు. 95 అంటే నాలుగు ఇరవైలూ పదిహేను. నాకు ఆ నాలుగు ఇరవైలే వినబడినాయి, 80 అని నొక్కేశాను. 95 ఉండాలని పుస్తకంలో చదివిందే, అయినా ఆమె చెప్పిందంటే ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నా. మళ్లీ అడగడానికి మొహమాటం, అదీ అసలు రోగం. నకళ్లు వచ్చినాయో లేదో చూడడానికి వాటిని జెల్ అనే జెల్లీ పలకలో గళ్లల్లో పోస్తాం. సాయంత్రం ఆ జెల్‌ని అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే, కొలత కోసం పక్కన పోసే లాడర్ ఒక్కటే నిచ్చెన మెట్ల మాదిరి వెలుగుతోంది. మిగతా ఎనిమిది గళ్లూ కటిక చీకటి. పోగులే విడిపోకపోతే ప్రైమర్ దేనికి అతుక్కుంటుంది?

ఇంకోటి, వాళ్లు పాయింటు పెట్టాల్సిన చోట కామా పెడతారు. ఒక కాగితంలో 1,500 మైక్రోలీటర్లు అని చూసి బిత్తరపోయాను, నా చేతిలోని గొట్టం పట్టేదే 200. అది ఒకటిన్నర అట. మార్కులు కూడా 20కి వేస్తారు, 14 వస్తే బాగా చదివినట్టు. 13 వచ్చిందని ఫోన్లో చెబితే మా నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.

పోవాలనుకునే పిల్లలకు ఒక మాట. రెండేళ్లకు 120 క్రెడిట్లు, నాకైతే చివరి ఆర్నెల్లు పూర్తిగా ల్యాబే. కన్సల్టెన్సీలో 'అంతా ఇంగ్లీషేనండీ' అంటారు, నమ్మొద్దు. ఫ్రెంచి ఏ స్థాయి అడుగుతున్నారో, బీ1నా బీ2నా, కోర్సు నిబంధనల్లో మీరే చదువుకోండి. నేను బీ2 పాసై పోయినా అంకెల దగ్గరే బోల్తా పడ్డాను. అందుకే అంకెలు గట్టిగా చెప్పించుకుని, వినీ వినీ నేర్చుకోండి. క్లాసులో అర్థం కానిది తెలుగులోనే రాసుకోండి, ఎవరూ నవ్వరు, నా నోట్సు మూడు భాషల కలగూరగంప. కడప ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ లైబ్రరీకి పోతే గుర్తొస్తుంది, ఆ దొర 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయనకూ తెలుగు కొత్తే. ఆయన తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో.

జెల్ చెడిపోయిన రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే మా జేజి ఎత్తింది. పిడకలైనా తమలపాకులైనా ఆమెది ఇరవైల లెక్కే. ఇట్లా వీళ్లు తొంభై ఐదును నాలుగు ఇరవైలూ పదిహేను అంటారు జేజీ, నా కొంప మునిగింది అన్నాను.

"అట్నే గదమ్మా చెప్పాల్సింది," అనింది, "మీరు ఇంకెట్ల చెప్తారు?"