నాలుగు మళ్లు చాలు: సి.ఆర్. రావు గారి కాంబినటోరిక్స్

(హనుమకొండలో డిగ్రీ గణితం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సి.ఆర్. రావు గారనగానే మనకు సాంఖ్యకశాస్త్రమే గుర్తొస్తుంది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే 1945 నాటి క్రామర్–రావు అసమానత పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది మరి. ఇవాళ ఆయనలోని కాంబినటోరిక్స్ మనిషి గురించి, అంటే కలయికల, అమరికల లెక్కలు చూసిన మనిషి గురించి మాట్లాడతాను.

ఆయన 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రం ఎమ్మే, కేంబ్రిడ్జిలో సాంఖ్యకశాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. ఆ పీహెచ్‌డీ 1948లో వచ్చింది. ఆర్థోగొనల్ అర్రేల మీద, అంటే తక్కువ ప్రయోగాలతోనే అంశాలన్నీ సమంగా వచ్చేలా అమర్చే పట్టికల మీద, ఆయన వ్యాసం అంతకు ముందు ఏడాదే అచ్చయింది. అలాంటి పట్టిక ఒకటి చూద్దాం.

నర్సంపేట వైపు మిర్చి రైతును అనుకోండి. విత్తనం చపాటానా, తేజానా? నీళ్లు డ్రిప్పా, కాలువా? ఎరువు పశువులదా, కాంప్లెక్సా? అన్నీ కలిపి చూడాలంటే ఎనిమిది మళ్లు కావాలి. రావు గారి పద్ధతిలో నాలుగు చాలు. రాసుకోండి:

చపాటా, డ్రిప్, పశువుల ఎరువు.
చపాటా, కాలువ, కాంప్లెక్స్.
తేజ, డ్రిప్, కాంప్లెక్స్.
తేజ, కాలువ, పశువుల ఎరువు.

ఏ రెండు అంశాలు తీసుకున్నా నాలుగు జతలూ సరిగ్గా ఒక్కోసారి వచ్చాయి, వేలు పెట్టి చూసుకోండి. చపాటా మళ్లు రెండింటిలో డ్రిప్ ఒకటి, కాలువ ఒకటి, తేజలోనూ అంతే. ఎరువులూ చెరొకటి. కాబట్టి చపాటా మళ్లకూ తేజ మళ్లకూ మధ్య దిగుబడిలో తేడా వస్తే, మళ్లన్నీ ఒకే రకం నేలైతే, అది విత్తనానిదే. అయితే విత్తనమూ నీళ్లూ కలిసి కొత్త ప్రభావం చూపిస్తే ఈ పట్టిక సరిపోదు. అప్పుడు ఏ మూడు అంశాలు తీసుకున్నా వాటి కలయికలన్నీ సమంగా రావాలి. ఎన్నేసి అంశాలు సమంగా వస్తాయో చెప్పే సంఖ్యనే అర్రే ‘బలం’ అంటారు. మన పట్టిక బలం రెండు.

ఇంకా తగ్గించి మూడు మళ్లతో కానిద్దామా? కుదరదు. సగటు దిగుబడి ఒకటి, మూడు అంశాల ప్రభావాలు మూడు, మొత్తం నాలుగు తెలియని రాశులు. మూడు సమీకరణాలతో అవి తేలవు. రెండేసి రకాలున్న అంశాలు k అయితే కనీసం k+1 మళ్లు కావాలి. దీని సాధారణ రూపమే రావు హద్దు. ఏడు అంశాలుంటే 128 మళ్లకు బదులు ఎనిమిది చాలు, అంతకంటే ఒక్కటీ తగ్గదు. నాకు ఈ ఫలితం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అంటే సూత్రాలు బట్టీ పట్టడమే అనిపించేలా చెబుతున్నాం, అదే నా బాధ.

ఇప్పుడు మీ వంతు. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడు రకాలు. మొత్తం 81 కలయికలు. మూడు రకాలున్న అంశానికి తెలియని రాశులు రెండేసి, నాలుగింటికి ఎనిమిది, సగటు ఒకటి, కాబట్టి హద్దు 9. ఆ తొమ్మిది వరసల పట్టిక నిజంగానే ఉంది. బోర్డు మీదికి ఎవరొస్తారు?