పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో ఫ్యామిలీ కోర్టు ఎలా తేలుస్తుంది?

నమస్కారం. భార్యాభర్తలు విడిపోతున్నారు. మధ్యలో ఆరేళ్ల పాప. "నా బిడ్డ నాకే కావాలి" అని ఇద్దరూ పట్టుబట్టారు. జడ్జిగారు దేన్ని చూసి తేలుస్తారు?

తప్పు ఎవరిదో రుజువైతే బిడ్డ రెండోవాళ్లకి వెళ్లిపోతుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. కాపురం ఎవరివల్ల చెడిందన్నది విడాకుల కేసు సంగతి. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చే కస్టడీ కేసులో కోర్టు చూసేది వేరు: రేపట్నుంచి ఈ పాప తిండి, నిద్ర, చదువు ఎవరి దగ్గర సవ్యంగా సాగుతాయి?

(స్క్రీన్ మీద: హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956, సెక్షన్ 13: బిడ్డ సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యం)

ఇదే చట్టంలో 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడు (గార్డియన్) అంటుంది, ఆయన తర్వాత తల్లి అంటుంది. తండ్రి బతికుండగా కూడా, బిడ్డను ఆయన పట్టించుకోని పరిస్థితిలో తల్లి గార్డియన్ కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నదీ ఆ సెక్షన్‌లోనే ఉంది. అలాగని ఐదో పుట్టినరోజు దాటగానే తండ్రికి అప్పగించేయరు. అక్కణ్నుంచి ఇద్దరి పరిస్థితీ చూస్తారు.

"నాకు ఉద్యోగం లేదు కదా, బిడ్డను ఇస్తారా?" అని చాలామంది అమ్మలు భయపడతారు. జీతం ఒక్కటే చూసి కస్టడీ ఇవ్వరు. బిడ్డ తల్లి దగ్గర ఉన్నా తండ్రి మనోవర్తి కట్టాల్సిందే.

(విజువల్: జడ్జి ఛాంబర్. టేబుల్ మీద కాగితం, రంగు పెన్సిళ్లు)

ఇక అసలైన ఘట్టం. ఊహ తెలిసిన బిడ్డ అయితే ఇష్టం ఏమిటో తెలుసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అందుకని చాలాసార్లు జడ్జిగారు పిల్లల్ని ఛాంబర్‌లోకి పిలిచి విడిగా మాట్లాడతారు. అమ్మానాన్నలు బయటే. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని అడిగి ఊరుకుంటే లాభం లేదు. బడిలో పక్కన ఎవరు కూర్చుంటారు? హోంవర్కు ఎవరు చేయిస్తారు? రాత్రి జ్వరం వస్తే ఎవరు లేస్తారు? ఇలాంటి మాటల్లోంచే ఇంటి సంగతి బయటికొస్తుంది. ఏడేళ్ల పిల్లాడు "మా నాన్న బాధ్యత లేని మనిషి" అన్నాడంటే అది ఎవరో నూరిపోసిన మాటేనని ఎవరికైనా అర్థమవుతుంది. దయచేసి పిల్లలకి అలా నూరిపోయకండి. కేసు గెలవడానికి బిడ్డను సాక్షిగా తయారుచేయడం కంటే పెద్ద అన్యాయం లేదు.

పోనీ, దానివల్ల కేసైనా గెలుస్తారా అంటే అదీ నమ్మకం లేదు. 2017లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో పాపకి ఎనిమిదేళ్లు. పసితనం నుంచి తండ్రి దగ్గరే పెరిగింది. తల్లి దగ్గరకి వెళ్లనంటే దాన్నే ఆఖరి మాటగా కోర్టు తీసుకోలేదు. తల్లితో గడిపే అవకాశమే రాని బిడ్డ ఆమె గురించి ఏం చెప్పగలదు? పాపను తల్లి దగ్గరకి పంపింది.

కస్టడీ ఒకరికి వచ్చినా రెండోవాళ్లకి విజిటేషన్, అంటే బిడ్డను కలిసే వీలు ఉంటుంది: వారాంతాలు, పండగలు, సెలవులు. దూరంగా ఉంటే వీడియో కాల్ ద్వారానైనా మాట్లాడనివ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు తేలేదాకా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో చెప్పే మధ్యంతర ఉత్తర్వును చిన్నచూపు చూడకండి. కేసు ఏళ్లు నడిస్తే బిడ్డ అలవాటుపడ్డ ఇంటినుంచి కదిలించడానికి కోర్టు వెనకాడుతుంది. అయితే ఏ కస్టడీ ఉత్తర్వూ శాశ్వతం కాదు. పరిస్థితి మారితే మళ్లీ అడగొచ్చు.

ఇంట్లో కొట్టడం, హింస ఉంటే దారి వేరు. గృహహింస చట్టం, 2005, సెక్షన్ 21 కింద మేజిస్ట్రేటే తాత్కాలిక కస్టడీ ఇవ్వొచ్చు. బిడ్డకి హాని అనిపిస్తే అవతలివాళ్లని చూడనివ్వకుండా ఆపొచ్చు. బిడ్డ ప్రమాదంలో ఉంటే వాయిదా కోసం ఆగకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి ఒక మాట. గొడవపడి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చేస్తే ఇక్కడి కోర్టు మనదే అవుతుందనుకోవద్దు. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో అక్కడి కోర్టులో వేయాలన్నది 1890 చట్టంలోని 9వ సెక్షన్. 2019లో సరిగ్గా ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు పిల్లల్ని అమెరికాకి తిరిగి పంపమంది. ఇలా దేశం దాటించిన పిల్లల్ని తిరిగి పంపడానికి దేశాలు చేసుకున్న 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకని విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని పంపేయరు, బిడ్డ మేలు ఇక్కడా తూచి చూస్తారు. ఎటు తేలుతుందో ముందే చెప్పలేం. టికెట్ కొనకముందే లాయర్‌ని అడగండి.

కోర్టుకి వెళ్లేటప్పుడు స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, డాక్టరు చీటీలు తీసుకెళ్లండి. లాయరు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు. ఫోన్ నంబరు 15100.