మోకాలి లిగమెంట్ తెగితే: సరైన సర్జన్‌ను ఫోనులో వెతికే పద్ధతి

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక కనిపిస్తున్నది జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. మా తమ్ముడు కబడ్డీ ఆడుతూ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. లోపల టక్కుమని ఏదో తెగినట్టు అనిపించిందన్నాడు. సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోయింది. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉందన్నారు, మాత్రలిచ్చి పంపించారు. ఎక్స్‌రేలో లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ, కనిపించదు, దానికి ఎమ్మారై స్కాన్ కావాలి. ఈ సంగతి మాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. మీ పిల్లలకు ఆ నాలుగు నెలలు వృథా కాకూడదు. అందుకే ఈ వీడియో.

సరే, స్క్రీన్ చూడండి. మ్యాప్స్ తెరిచాను. ఎముకల డాక్టర్ అని కొడితే ఊరంతా వచ్చేస్తుంది. అది వద్దు. ఆర్థ్రోస్కోపీ అని కొట్టండి. చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి కీలు లోపల చేసే ఆపరేషన్ అది. ఇదిగో, ఇలా వస్తాయి. డాక్టర్ల పేర్లు రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు గాని, నాకైతే కాగితమే ఇష్టం. ఇంట్లో పెద్దవాళ్లు కూడా చూస్తారు.

డిగ్రీ ఎంఎస్ ఆర్థో గాని, డీఎన్‌బీ ఆర్థో గాని ఉందా చూడండి. ఎండీ స్పోర్ట్స్ మెడిసిన్ అని మాత్రమే ఉంటే ఆయన ఆటగాళ్ల గాయాలు చూసే వైద్యుడు, ఆపరేషన్ చేసే సర్జన్ కాదు. అసలు ఆపరేషన్ అవసరమా అని అడగడానికి మాత్రం చాలా మంచి మనిషి.

ఇప్పుడు అసలు చోటు. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్, అందులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్, అంటే దేశంలో నమోదైన డాక్టర్ల జాబితా. ఇదిగో. డాక్టర్ పేరు కొట్టాలి, రాష్ట్ర కౌన్సిల్ ఎంచుకోవాలి. నేను తెలంగాణ అని ఎంచుకున్నాను. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాను, ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి. రాలేదు. నకిలీ డాక్టరేమోనని ఇంట్లో చెప్పేశాను కూడా. తప్పు నాది. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్‌లో. అంతకు ముందు ఇక్కడ నమోదైన డాక్టర్లు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ కింద నమోదైనవాళ్లు. మన కాకతీయ మెడికల్ కాలేజీలోనే చదివి, ఇక్కడే వైద్యం చేస్తున్నా అంతే. చూడండి, ఇక్కడ ఆంధ్రప్రదేశ్ అని మారుస్తున్నాను. వెతుకు. వచ్చేసింది! అక్కడా రాకపోతే చదివిన రాష్ట్రం కౌన్సిల్ చూడండి. పేరు దొరకనంత మాత్రాన ఎవరినీ అనుమానించకండి.

ఇంకో దగ్గరి దారి ఉంది. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. దానితో వెతికితే పేరు అక్షరాల గొడవే ఉండదు.

ఫెలోషిప్, అంటే డిగ్రీ తర్వాత అదనపు శిక్షణ, చేశామని బోర్డు మీద రాస్తారు కదా, ఆ రిజిస్టర్‌లో దాని కోసం వెతకకండి. ఎక్కడ చేశారు, ఎన్నాళ్లు చేశారు అని డాక్టర్‌నే అడగండి. మర్యాదగా అడిగితే మంచి సర్జన్ సంతోషంగా చెబుతారు. నెలకు ఎన్ని ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) ఆపరేషన్లు చేస్తారు? తర్వాత ఫిజియోథెరపీ ఎవరు చూస్తారు? మళ్లీ మ్యాట్ మీదికి ఎప్పుడు? ఈ చివరి ప్రశ్న మరిచిపోకండి. మూడు నెలల్లో ఆడేయొచ్చంటే నాకు భయమే. తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తగా అమర్చిన పోగు లోపల గట్టిపడాలి, తొడ కండరం మళ్లీ బలం పుంజుకోవాలి. మామూలుగా తొమ్మిది నెలలైనా పడుతుంది.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ (ఎముకల) విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. హైదరాబాద్ వెళ్లాలంటే పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, చేరకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను, అంటే ఆ పథకం సహాయకుణ్ణి, కలిసి ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో అడగండి. చేరాక కాదు, చేరకముందే.

ఇంకొకటి. ఎమ్మారై తీయించినప్పుడు ఫిల్ములు, రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన స్వయంగా బొమ్మలు తెరిచి చూస్తారు. మా తమ్ముడి సీడీ ఇదే, ఇప్పుడు తెరిచి తెగిన చోటు చూపిస్తాను.