పళ్ల వైద్యం ఖర్చులు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో పళ్ల వైద్యం ఖర్చుల గురించి మాట్లాడుకుందాం. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన డాక్టర్ గారు మనతో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి డాక్టర్ గారూ, నేరుగా కాల్స్‌కి వెళ్దామా?

డాక్టర్: వెళ్దాం. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను, లేకపోతే ప్రతి కాల్‌లోనూ అదే చెప్పాల్సి వస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద 25 లక్షలు. కానీ పుచ్చుపన్నుకి సిమెంట్ పెట్టడం, రూట్ కెనాల్, క్యాప్, కట్టుడు పళ్లు, ఇవి వాటిలోకి రావు. యాక్సిడెంట్‌లో దవడ ఎముక విరిగినా, నోటి క్యాన్సర్ వచ్చినా అప్పుడు వర్తిస్తాయి.

యాంకర్: మొదటి కాల్, హైదరాబాద్ చింతల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (చింతల్): నమస్తే సార్. మా ఆయనకి పన్ను నొప్పి సార్. కింద ఎడమ పక్క దవడ పన్ను. మా కాలనీలో ఫ్రీ క్యాంపు పెట్టారు, చూపించుకుందామని పోయినం. వాళ్లు క్లినిక్‌కి రమ్మన్నారు. అక్కడ చూసి ఆరు పళ్లకి రూట్ కెనాల్ చేయాలన్నారు. ఆరింటికీ క్యాపులు, వెనకటికి ఊడిపోయిన పన్ను దగ్గర ఇంప్లాంట్, అదే ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పన్ను. మొత్తం లక్షా ఇరవై వేలు. ఇది ఆరోగ్యశ్రీలో అవుతదా సార్?

డాక్టర్: కాదమ్మా, ఇప్పుడే చెప్పాను కదా. ఆ లక్షా ఇరవై వేలు ఎట్లా లెక్క వేశారో చెప్పారా?

కాలర్ (చింతల్): రూట్ కెనాల్ ఒక్కోటి ఆరు వేలు, క్యాప్ తొమ్మిది వేలు, ఇంప్లాంట్ ముప్పై వేలు.

డాక్టర్: క్యాప్ జిర్కోనియా అనే పింగాణీదా?

కాలర్ (చింతల్): అదే అన్నారు సార్, తెల్లగా ఉంటదట.

డాక్టర్: ఈ ధరలు ఊళ్లో నడుస్తున్నవే, అదేమీ తప్పు కాదు. ఆరు పళ్లకీ ఎక్స్‌రే తీశారా?

కాలర్ (చింతల్): ఒక్కటి తీసిన్రు సార్, నొప్పి ఉన్నదానికి. మిగతావి లైటు వేసి చూసిన్రు.

డాక్టర్: పంటి లోపలి నరం దాకా పుచ్చు పోయిందా లేదా అన్నది ఒక్క లైటు వేసి చూస్తే తెలియదమ్మా. పైపైన ఉన్న పుచ్చుకి సిమెంట్ చాలు, వెయ్యి, పదిహేను వందల్లో అయిపోతుంది. నరం దాకా పోతేనే రూట్ కెనాల్. మిగతా అయిదింటికీ చల్లనీళ్లు తాగితే జివ్వుమనడం, రాత్రిపూట నొప్పి, అట్లాంటివి ఉన్నాయా?

కాలర్ (చింతల్): ఏం లేవు సార్. ఆ ఒక్కటే. నాలుగు రోజుల నుంచి నిద్రలేదు. ఇక చూడలేక... (గొంతు తగ్గించి) లోన్ తీసుకున్నం సార్. నిన్న.

డాక్టర్: ఎవరి దగ్గర?

కాలర్ (చింతల్): క్లినిక్‌లోనే ఒక అబ్బాయి ఉన్నడు. ఫోన్‌లో ఆధార్, పాన్ కొట్టించుకున్నడు, ఓటీపీ చెప్పినం, అయిపోయింది. నెలకి పది వేలు, పన్నెండు నెలలు. వడ్డీ లేదు, ప్రాసెసింగ్ ఫీజు మూడు వేల ఆరు వందలు అన్నడు. వడ్డీ లేదు కదా అని...

డాక్టర్: అమ్మా, జాగ్రత్తగా వినండి. వడ్డీ లేని అప్పు ఎవరూ ఇవ్వరు. క్రెడిట్ కార్డుల మీద జీరో వడ్డీ ఈఎంఐ అని చెప్పేదాంట్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు పేరుతో దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఇక్కడా ఆ మూడు వేల ఆరు వందలు ఊరికే రాలేదు. ఇంకో సంగతి, ఇట్లాంటి లోన్‌లో డబ్బు మీ చేతికి రాదు, నేరుగా క్లినిక్‌కి పోతుంది. సగం వైద్యమయ్యాక మీరు మానేసినా, డాక్టర్ మారిపోయినా, ఈఎంఐ మాత్రం మీ ఖాతాలో కట్ అవుతూనే ఉంటుంది. కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది.

కాలర్ (చింతల్): అయ్యో... మరి ఇప్పుడెట్లా సార్?

డాక్టర్: నిన్ననే తీసుకున్నారు కాబట్టి దారి ఉంది. యాప్‌లో ఇచ్చే డిజిటల్ లోన్లకి కూలింగ్ ఆఫ్ పీరియడ్ అని ఉంటుంది. ఆ గడువులో లోన్ వద్దనుకుంటే, అసలు, వాడుకున్న రోజులకి వడ్డీ కట్టి బయటపడవచ్చు, పెనాల్టీ ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు పోవచ్చు. గడువు ఎన్ని రోజులన్నది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే, లోన్ షరతులుండే కాగితంలో రాసి ఉండాలి. అది మీ ఫోన్‌కో, మెయిల్‌కో వచ్చి ఉంటుంది. గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఈ రోజే, కాల్ పెట్టేయగానే చూడండి. క్లినిక్ వాళ్ల దగ్గరికి వెళ్లి, అప్పు రద్దు చేసుకుంటున్నాం, మీ దగ్గరికి వచ్చిన డబ్బు వెనక్కి పంపండి అని రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట వద్దు.

కాలర్ (చింతల్): సరే సార్. మరి నొప్పికి? ఆరోగ్యశ్రీ ఏమన్నా...

డాక్టర్: (కాస్త గట్టిగా) ఆరోగ్యశ్రీ మాట పక్కన పెట్టండి తల్లీ. మీ ఆయన ఏం చేస్తారు?

కాలర్ (చింతల్): జీడిమెట్లల ప్లాస్టిక్ కంపెనీల మెషిన్ ఆపరేటర్ సార్. పద్దెనిమిది వేలు జీతం.

డాక్టర్: జీతం చీటీలో ఈఎస్ఐ అని ఏమైనా కట్ అవుతుందా?

కాలర్ (చింతల్): ఆ... నూట ముప్పై అయిదు రూపాయలు సార్, ప్రతి నెల. అదేందో మాకు తెల్వది.

డాక్టర్: అదమ్మా! ఈఎస్ఐ అంటే 21 వేల లోపు జీతమున్న ఉద్యోగులకి ఉండే ఆరోగ్య బీమా. ఆయన జీతంలో ముప్పావు శాతం ఆయనది, మూడుంపావు శాతం కంపెనీది. అంటే మీరు నెలనెలా డబ్బు కడుతూ, కట్టిన వైద్యాన్ని వాడుకోకుండా మళ్లీ అప్పు చేశారు. ఈఎస్ఐ డిస్పెన్సరీకి కార్డు తీసుకుని వెళ్లండి, అక్కడి నుంచి పళ్ల డాక్టర్ దగ్గరికి రాసిస్తారు. సనత్‌నగర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రి మీకు దగ్గరే. మీకు, మీ పిల్లలకి కూడా అదే కార్డు పనిచేస్తుంది.

కాలర్ (చింతల్): నాకు కూడానా సార్?

డాక్టర్: మీకు కూడా. అక్కడ ఆలస్యమవుతుందంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, ఉస్మానియా ఆసుపత్రి పక్కన. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. రద్దీ ఉంటుంది, రెండు మూడుసార్లు తిరగాలి, అది నిజం. కానీ నొప్పి ఉన్న ఆ ఒక్క పన్నుకి ముందు చేయించండి. మిగతా అయిదూ ఇంకొకరికి చూపించాక. ఊడిపోయిన పన్నుకి తొందరేం లేదు.

కాలర్ (చింతల్): మరి ఆ కూలింగ్ అన్నరు కదా, అది ఎక్కడ ఉంటది అన్నరు?

డాక్టర్: కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. మీ పిల్లల్లో ఫోన్ బాగా తెలిసినవాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వెతకండి. ఒకసారి పేరు చెప్పండి.

కాలర్ (చింతల్): కీ ఫ్యాక్ట్... స్టేట్‌మెంట్.

డాక్టర్: సరిగ్గా అదే. అందరికీ కలిపి చెబుతున్నాను. నొప్పితో ఉన్నప్పుడు ఓటీపీ చెప్పకండి. ఏ పన్నుకి ఏం చేస్తారు, ఎంత, క్యాప్ దేనితో, చౌకలో ఇంకేం ఉంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకుని ఇంటికి రండి. పంటి నంబర్ వేసి రాసివ్వమని అడగండి, కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్నుకి 36 అని వేస్తారు. ఆ నంబర్ ఉంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినా మాటలు మారవు.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాల్ నెల్లూరు నుంచి.

కాలర్ (నెల్లూరు): నమస్తే డాక్టర్ గారూ. మా నాన్నకి 67. పళ్లన్నీ పోయినాయి. ఇన్సూరెన్స్‌లో కట్టుడు పళ్లకి అడిగితే ఇవ్వమన్నారు.

డాక్టర్: ఇవ్వరు. మామూలు హెల్త్ పాలసీల్లో యాక్సిడెంట్ అయ్యి ఆసుపత్రిలో చేరితే తప్ప పళ్లకి ఇవ్వరు, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఓపీ కవర్ అని విడిగా తీసుకుంటే తప్ప. అసలు పాలసీ నాన్నగారి పేరున ఉందా?

కాలర్ (నెల్లూరు): లేదండీ, నాకు, మా ఆవిడకి, పిల్లలకే.

డాక్టర్: అయితే బిల్లు దాచుకోండి. 60 దాటి, ఇన్సూరెన్స్ లేని తల్లిదండ్రుల వైద్యానికి మీరు పెట్టిన ఖర్చు ఏడాదికి 50 వేల దాకా ఆదాయపు పన్నులో, 80డి అని పిలిచే మినహాయింపు కింద చూపించుకోవచ్చు, పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటేనే. నగదు ఇస్తే పనికిరాదు, యూపీఐ కానీ చెక్కు కానీ ఇవ్వండి. మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి. ఇక మీ ఊళ్లోనే డెంటల్ కాలేజీ ఉంది. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, బయటకంటే బాగా తక్కువ అవుతుంది. నాలుగైదుసార్లు తిరగాలి, ఓపిక ఉండాలి.

కాలర్ (నెల్లూరు): స్టూడెంట్లంటే భయం కదండీ...

డాక్టర్: వాళ్లు ప్రతి మెట్టు దగ్గరా సంతకం తీసుకోవాలండీ. నోటి అచ్చు సరిగ్గా రాకపోతే మళ్లీ తీయిస్తారు మా వాళ్లు. భయపడకండి.

యాంకర్: నల్గొండ జిల్లా మర్రిగూడ నుంచి.

కాలర్ (మర్రిగూడ): డాక్టర్ గారూ, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నం. పళ్లు గోధుమరంగు మచ్చలు. మా ఊరి నీళ్లు మీకు తెలుసు కదా. పైన తెల్ల పెంకులు అంటించాలంటే ఒక్కో పన్నుకి పది వేలంట. ఎనిమిది పళ్లకి ఎనభై వేలు. చిట్టీ ఎత్తుదామనుకుంటున్నం.

డాక్టర్: చిట్టీ ఎత్తకండి, ఇప్పుడే వద్దు. మీ వైపు ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలుసు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. ఆ మచ్చలు పాప చేసుకున్నవి కావు, పళ్లు ఎముకలో తయారవుతున్న వయసులో తాగిన నీళ్ల వల్ల వచ్చినవి. ముందు ఆ మాట అమ్మాయికి చెప్పండి. పళ్ల మీద గుంతలున్నాయా, మచ్చలేనా?

కాలర్ (మర్రిగూడ): మచ్చలే సార్. గుంతలు లేవు.

డాక్టర్: అయితే పన్ను అరగదీసి పెంకు అంటించే పని ఆఖరుకి. పైపొరని సన్నగా రుద్ది, తర్వాత బ్లీచింగ్ చేస్తే చాలావరకు తేలికపడతాయి. ఖర్చు అందులో కొంతే. అది చాలకపోతే మచ్చ ఉన్నచోట పంటిరంగు సిమెంట్ పెట్టొచ్చు. పెంకు కోసం ఒకసారి అరగదీసిన పన్ను తిరిగి రాదు, ఆ పెంకు కొన్నేళ్లకి మార్చాలి, అంటే మళ్లీ డబ్బు. నార్కట్‌పల్లిలో డెంటల్ కాలేజీ ఉంది, ముందు అక్కడ చూపించండి. ఏం చేస్తారో కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే బోరు నీళ్లు తాగించకండి, భగీరథ నీళ్లే.

కాలర్ (మర్రిగూడ): అమ్మాయి పక్కనే ఉంది సార్, విన్నది.

డాక్టర్: బాగుంది తల్లీ. మచ్చలున్న పళ్లు గట్టిగానే ఉంటాయి, నవ్వడం మానకు.

యాంకర్: కామారెడ్డి నుంచి. త్వరగా చెప్పండి.

కాలర్ (కామారెడ్డి): సార్, బుగ్గ లోపల తెల్లమచ్చ, పుండులెక్క ఉంది. రెండు నెలలైంది. పన్ను గుచ్చుకుంటుందనుకొని పన్ను అరిగించుకుందామని. ఎంతవుతది సార్?

డాక్టర్: గుట్కా అలవాటుందా?

కాలర్ (కామారెడ్డి): ...ఉంది సార్.

డాక్టర్: నోరు ఎంత తెరుచుకుంటుంది? మూడు వేళ్లు నిలువుగా పడతాయా?

కాలర్ (కామారెడ్డి): రెండే సార్.

డాక్టర్: అయితే పన్ను సంగతి తర్వాత. రెండు మూడు వారాల్లో మానని పుండు నోట్లో ఉంటే చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష చేయించాల్సిందే. జిల్లా ఆసుపత్రిలో పళ్ల డాక్టర్‌కి రేపే చూపించండి. అనుమానముంటే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రికి పంపుతారు, అది ప్రభుత్వానిదే. క్యాన్సరే అయినా ఆరోగ్యశ్రీ ఉంది, డబ్బు లేదని ఆగకండి. ఈ ఒక్క జబ్బులో ఆలస్యమే ప్రాణం తీస్తుంది. గుట్కా ఈ క్షణం నుంచి వద్దు. రేపే, వినిపించిందా?

కాలర్ (కామారెడ్డి): రేపే పోతా సార్.

యాంకర్: అమెరికా నుంచి ఒక కాల్, డాలస్.

కాలర్ (డాలస్): డాక్టర్ గారూ, ఇక్కడ మా డెంటల్ ఇన్సూరెన్స్ ఏడాదికి పదిహేను వందల డాలర్లకే. డిసెంబర్‌లో విజయవాడ వస్తున్నాను, పది రోజులు. రూట్ కెనాల్, ఒక ఇంప్లాంట్ పూర్తి చేయించుకోవచ్చా?

డాక్టర్: రూట్ కెనాల్, క్యాప్ పది రోజుల్లో అవుతాయి, దిగిన రోజే మొదలుపెడితే. ఇంప్లాంట్ కాదు. స్క్రూ ఎముకలో కలవడానికి మామూలుగా మూడు నెలల నుంచి ఆరు నెలలు పడుతుంది. పది రోజుల్లో అంతా అయిపోతుందన్న ప్రకటన చూసి టికెట్ కొనకండి. రెండుసార్లు వచ్చే వీలుంటే పెట్టించుకోండి. ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసిన కార్డు అడిగి తీసుకెళ్లండి, అక్కడి డాక్టర్‌కి అవసరం.

కాలర్ (డాలస్): ఇంకో ప్రశ్న...

యాంకర్: క్షమించండి, టైం లేదు. చివరి కాల్, అనకాపల్లి.

కాలర్ (అనకాపల్లి): మా బాబుకి ఆరేళ్లండి, అంగన్‌వాడీ అయ్యాక సర్కారు బడిలో వేశాం. పాలపళ్లు నాలుగు పుచ్చిపోయాయి. ఎలాగూ ఊడేవే కదా, ఖర్చు ఎందుకని మా అత్తగారు...

డాక్టర్: ఊడే పళ్లే, కానీ వెనక పాలపళ్లు పదేళ్లు, పన్నెండేళ్ల దాకా ఉండాలమ్మా. ముందే పోతే కొత్త పళ్లు వంకరగా వస్తాయి, అప్పుడు క్లిప్పులకి పెట్టే ఖర్చు చాలా ఎక్కువ. బడికి ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం డాక్టర్లు వస్తారు, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకి ఆ పథకం, పళ్లు కూడా చూస్తారు. టీచర్‌ని అడిగి బాబు పేరు రాయించండి. ఆరేళ్లంటే వెనక శాశ్వత దవడ పన్ను వస్తుంటుంది, అది పాలపన్ను అనుకుని వదిలేస్తారు చాలామంది, దాని గుంతలు ముందే మూయించ...

యాంకర్: డాక్టర్ గారూ, సమయం అయిపోయింది. అనకాపల్లి అమ్మా, లైన్‌లోనే ఉండండి, మిగతాది డాక్టర్ గారు ఆఫ్ ఎయిర్‌లో చెబుతారు. కాల్ చేసిన అందరికీ ధన్యవాదాలు. నమస్కారం.