పలక పట్టకముందు పిల్లల చేతికి ఏమివ్వాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

ఈ కార్యక్రమంలో శ్రోతల ప్రశ్నలకు సమాధానం చెప్పిన అతిథి నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ పొందారు.

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో ఏ ఆటలు ఆడించవచ్చు, ఏ పనులు చేయించవచ్చు, పుస్తకాలను ఎలా పరిచయం చేయవచ్చు అన్నది ఈరోజు విషయం. టీచరు గారూ, మొదటి కాల్ కావలి నుంచి వచ్చింది.

శ్రోత (కావలి): నమస్కారం మేడం. మా పాపకు మూడున్నరేళ్లు. బడిలో వేసి నాలుగు నెలలయింది. అచ్చులన్నీ రోజూ రెండేసి పేజీలు ఇంట్లో రాయించమంటున్నారు. పెన్సిల్ చేతికివ్వగానే పాప ఏడుస్తుంది. చెయ్యి పట్టి రాయించబోతే వేళ్లు బిగబట్టేస్తుంది. రెండు దెబ్బలు వేస్తే తప్ప చదువు రాదని మా అత్తగారు అంటున్నారు. నేనేం చేయాలి?

అతిథి: నమస్కారమమ్మా. ముందుగా నా సంగతి చెప్పాలి. మా పెద్దబ్బాయికి మూడేళ్లు నిండగానే నేనూ ఇలాగే చెయ్యి పట్టి దిద్దించాను. బడిలో నలభై మంది పిల్లలతో ఎంతో ఓపికగా ఉండే నేను, ఇంట్లో ఒక్క పిల్లవాడి దగ్గర ఆ ఓపిక చూపలేకపోయాను. ఆ తరువాత చాలాకాలం వాడు పలక కనబడితే మంచం కిందికి దూరేవాడు. ఆ తప్పు పూర్తిగా నాది. అందుకే మీ పాప ఏడుపు గురించి వింటుంటే నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఆ వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సన్నని వస్తువును పట్టుకుని, దాన్ని తాను అనుకున్న వైపుకే నడిపించే బలం ఇంకా చాలినంత రాదు. ఆ బలం పెన్సిల్‌తో మొదలు కాదమ్మా, వంటింట్లో మొదలవుతుంది. చిక్కుడుకాయలు ఈనె తీయించండి, పచ్చిబఠాణీలు వలిపించండి, చపాతీ పిండిలో కొంత ముద్ద ఇచ్చి పామునో లడ్డూనో చేయమనండి, చేతిరుమాలు తడిపి పిండించండి. మన ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు మీ ఇంట్లో ఉంటే మరీ మంచిది. రెండు గిన్నెలు పెట్టి, ఒకదానిలోని పెసలను చిన్న స్పూనుతో రెండోదానిలోకి మార్చమనండి. చెక్క కాబట్టి మోత ఉండదు, కింద పడినా పగలదు. పావుగంట సేపు ఆ పాప తలెత్తకుండా చేస్తుంది, చూడండి.

శ్రోత: మరి అక్షరాలు ఎప్పుడు నేర్పించాలి మేడం?

అతిథి: అక్షరాలను ఇప్పుడే పరిచయం చేయవచ్చు, కానీ వేలితో. మనవాళ్లు అక్షరాభ్యాసం నాడు పిల్లవాడి చేతికి కలం ఇచ్చినా ఇవ్వకపోయినా, పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తారు కదా. వీధిబడుల కాలంలో ఓనమాలు ఇసుకలోనే దిద్దేవారు. ఆ పద్ధతిని మనం ఒక్కరోజు వేడుకగా ముగించి, మరునాడే కాపీపుస్తకం తెరుస్తున్నాం. ఆ పళ్లేన్ని ఆరు నెలలు తీయకండి. బియ్యం బదులు బొంబాయి రవ్వ పోస్తే గీత ఇంకా స్పష్టంగా పడుతుంది, తప్పు పోతే పళ్లెం కాస్త ఊపితే చాలు, చెరిగిపోతుంది.

ఇంకొక మాట. ‘అ’తోనే మొదలుపెట్టాలన్న నియమం ఏమీ లేదు. ‘అ’ చిన్న చేతికి కష్టమైన అక్షరం, అందులో మలుపులు ఎక్కువ. ముందు సున్న, తరువాత ‘ర’, ‘గ’, ‘ట’ వంటివి పట్టుకోండి. ‘గ’, ‘ద’ వచ్చేసరికే ‘గద’ అని చదవగలుగుతుంది. నాలుగు అక్షరాలకే ఒక మాట చదివానన్న సంతోషం పిల్లలకు చాలా పెద్దది. 2022లో విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా తీసుకుని, ఆటకూ మాటకూ మొదటి స్థానం ఇచ్చింది. బడికి వెళ్లినప్పుడు గొడవ పడకుండా, ‘రాత హోంవర్కు బదులు ఇవి చేయిస్తాను’ అని ఆ టీచరుకు నెమ్మదిగా చెప్పి చూడండి. అత్తయ్య గారిని కాదనవద్దు, ఆమెకూ ఒక పని అప్పగించండి. వాకిట్లో మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టి పాపతో ముగ్గు కలిపించే పని ఆమె చేసినంత బాగా మీరూ నేనూ చేయించలేం.

వ్యాఖ్యాత: తరువాతి కాల్ పొదిలి నుంచి, ఒక తాతగారు.

శ్రోత (పొదిలి): నమస్కారమమ్మా. మా మనవడికి నాలుగేళ్లు. మార్కాపురం రాతిపలక కొని ఇచ్చాను. రాసేది తక్కువ, బలపం తినేది ఎక్కువ. దాచిపెడితే గోడ సున్నం గీరుకుని తింటున్నాడు.

అతిథి: అయ్యా, దీన్ని అల్లరిగా చూడకండి. బలపం, మట్టి, సున్నం తినాలనిపించడం చాలామంది పిల్లల్లో రక్తహీనతకు గుర్తు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆ వయసు పిల్లలకు డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందికే వస్తుంది. నులిపురుగుల మాత్ర వేశారా లేదా అన్నదీ డాక్టరుగారిని అడగండి. తిట్టడం వల్ల బలపం మానడు, దొంగతనంగా తినడం నేర్చుకుంటాడు.

అయితే పలకను అటక మీద పెట్టవద్దు. బలపం తీసేసి ఒక కుంచె, గ్లాసులో నీళ్లు ఇవ్వండి. నల్లటి రాతిపలక మీద తడి కుంచెతో గీస్తే గీత నల్లగా నిగనిగలాడుతూ కనబడుతుంది, ఎండలో పెడితే కాసేపటికే మాయమవుతుంది. ఆ గీత ఎక్కడికి పోయిందని వాడు అడుగుతాడు. నీడలో పెట్టిన పలక ముందు ఆరుతుందా, ఎండలో పెట్టినది ముందు ఆరుతుందా అని వాడినే చూసి చెప్పమనండి. మార్కాపురం పలకతో ఎన్నో తరాలు అక్షరాలు దిద్దాయి, మీ మనవడు దానితో నీరు ఆవిరి కావడాన్ని కూడా నేర్చుకుంటాడు.

వ్యాఖ్యాత: టంగుటూరు నుంచి ఒక తల్లి మాట్లాడుతున్నారు.

శ్రోత (టంగుటూరు): అమ్మా, నేను పొగాకు గ్రేడింగ్ పనికి పోతాను. నాకు చదువు రాదు. అంగన్‌వాడీలో ఆయమ్మ పిల్లలకు రోజూ పుస్తకం చదివి వినిపించమంది. చదవడం రానిదాన్ని, నేనేం వినిపించేది?

అతిథి: తల్లీ, మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. చదువు రాని తల్లి పుస్తకం ముట్టకూడదని మనకు మనమే ఒక గోడ కట్టుకున్నాం. బొమ్మల పుస్తకం ఒకటి ఒడిలో పెట్టుకోండి. పుటలు ఒక్కొక్కటే తిప్పుతూ, కనబడినదాని గురించి మీకు తోచినట్లు చెప్పండి. ‘ఈ మేక ఎక్కడికి పోతున్నట్టుంది? దాని పిల్ల ఏదీ? నువ్వైతే ఏం చేస్తావు?’ అని అడగండి. పుస్తకాన్ని ఎటువైపు పట్టుకోవాలి, పుట ఎలా తిప్పాలి, కథ మొదటి నుంచి చివరికి ఎలా నడుస్తుంది అన్నవన్నీ ఆ కాసేపట్లోనే పిల్లవాడికి అబ్బుతాయి. అక్షరాలే లేని బొమ్మల కథల పుస్తకాలు కూడా ఉన్నాయి, అవి ఇమ్మని ఆయమ్మనే అడగండి. మీ అమ్మ మీకు చెప్పిన కథలు, పొడుపుకథలు మీకు గుర్తుంటాయి కదా. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అంటే ఏమిటని అడగండి, రెప్పలు ఆర్పుతూ సైగ చేయండి. మాటలు బాగా విన్న పిల్లవాడికి, ఆ మాటలే పుస్తకంలో ఎదురైనప్పుడు చదవడం తేలికవుతుంది.

మీరు రోజూ చేసే పని గురించి కూడా చెప్పాలి. ఆకును రంగు చూసి, సైజు చూసి, మచ్చ చూసి వేరు చేస్తారు. బడిలో మేము వర్గీకరణ అని పేరు పెట్టి పిల్లలకు నేర్పేది అదే. పొగాకు మాత్రం పిల్లవాడి చేతికి తగలనివ్వకండి, తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. మీరు కూడా ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. వేప, కానుగ, బాదం, రావి ఆకులు ఏరుకొచ్చి వాటికి గ్రేడింగ్ చేయించండి. పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, ఎండినవి ఇంకొకటి. ఆ తరువాత కుప్పలన్నీ కలిపేసి, ‘ఈసారి అంచును చూసి వేరు చెయ్యి’ అనండి. వేపాకు అంచు రంపంలా ఉందని వాడే కనిపెడతాడు.

శ్రోత: పుస్తకాలు కొనే డబ్బులు ఎప్పుడూ ఉండవమ్మా.

అతిథి: ఇంట్లోనే ఒకటి చేయవచ్చు తల్లీ. తెల్లకాగితాన్ని మూడుసార్లు సగానికి సగంగా మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. పొట్టి అంచులు రెండూ కలిసేలా మళ్లీ సగానికి మడిచి, మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట ఒక్క గడి మేరకు కత్తిరించండి. పూర్తిగా విప్పి, ఈసారి పొడవాటి అంచులు కలిసేలా మడిచి, రెండు చివరలనూ లోపలికి నెట్టితే ఎనిమిది పుటల చిన్న పుస్తకం తయారవుతుంది. పిల్లవాడు బొమ్మలు వేస్తాడు, కథ వాడి నోటితోనే చెబుతాడు, ఎదురింటి బడిపిల్ల ఎవరైనా వాడి మాటలను వాడు అన్నట్లే కింద రాస్తుంది. తన మాట రాతగా మారడాన్ని కళ్లారా చూసిన పిల్లవాడికి అక్షరం ఎందుకో వేరే చెప్పనవసరం లేదు. అచ్చు పుస్తకాలకైతే గ్రంథాలయం ఉంది. ఇంట్లో ఎవరిదైనా ఫోన్ ఉంటే, ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి తెలుగు బాలల పుస్తకాలు కూడా అందుబాటు ధరలోనే ఉంటాయి.

వ్యాఖ్యాత: బుచ్చిరెడ్డిపాళెం నుంచి కాల్.

శ్రోత (బుచ్చిరెడ్డిపాళెం): మేడం, మా బాబుకు ఆరేళ్లు, పాపకు రెండేళ్లు. సెలవుల్లో ఇద్దరూ ఫోన్ వదలడం లేదు. రంగులతో చేసేవి ఏమైనా చెప్పండి.

అతిథి: రెండేళ్ల పాపకు రోజంతా కలిపి గంటకు మించి తెర వద్దని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కానీ ఫోన్ లాక్కుని ఖాళీ చేతులతో కూర్చోబెడితే ఏ పిల్లలూ ఊరుకోరు.

బాబుకు పసుపు పని చెప్పండి. చెంచాడు పసుపును నీళ్లలో కలిపి, డ్రాయింగ్ కాగితం మీద పూసి ఆరనివ్వండి. దూదిపుల్లను సబ్బునీళ్లలో గానీ, వంటసోడా కలిపిన నీళ్లలో గానీ ముంచి ఆ కాగితం మీద రాయమనండి. అక్షరాలు ఎర్రగా తేలతాయి. వాటి మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తాయి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే తన రంగుకు తిరిగి వస్తుంది. కూర మరక పడిన చొక్కాకు సబ్బు రాసినప్పుడు ఎర్రబడడానికీ, పారాణి ఎర్రగా ఉండడానికీ కారణం ఇదే. బాబు చేత ముందుగా ఊహించి చెప్పించి, తరువాతే చేయించండి. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం. శంఖుపుష్పాలు దొరికితే వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీలిరంగు నీళ్లలో కూడా నిమ్మరసం పిండి చూడమనండి. ఏ రంగు వస్తుందో నేను చెప్పను, బాబునే చూడనివ్వండి.

పాపకు బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దించడం చాలు, పువ్వుల్లా పడతాయి. వామనగుంటలు ఆడేటప్పుడు చింతగింజలు మాత్రం లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి దాచండి. మూడేళ్లలోపు పిల్లలు వాటిని నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు.

శ్రోత: ఆఖరిగా ఒక్కటి మేడం. పాప పుస్తకాలు చించేస్తోంది. పెద్దయ్యేదాకా అందకుండా పైన పెట్టేయమంటారా?

అతిథి: వద్దమ్మా. రెండేళ్ల పిల్లకు పుట తిప్పడానికీ, చించడానికీ మధ్య ఉన్న తేడా చేతికి ఇంకా తెలియదు. చించుకోవడానికి పాత దినపత్రికలు విడిగా ఇవ్వండి, అట్టపుటల పుస్తకాలు ముందు ఇవ్వండి. చిరిగిన పుటను పాప ఎదుటే అతికించండి. మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు కలిపి, సన్నని సెగ మీద ఉండ కట్టకుండా చిక్కబడేదాకా తిప్పితే జిగురు తయారవుతుంది. పురుగు పట్టకుండా పూర్వం అందులో మైలుతుత్తం వేసేవారు. అది విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో వేయకండి, రెండు రోజులకొకసారి కొత్తగా కాచుకోండి. పలుచని కాగితం పట్టీకి ఆ జిగురు రాసి చిరుగు మీద పెట్టి, పాప వేలితోనే ఒత్తించండి. పైన ఒక బరువైన పుస్తకం పెట్టి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి పుట మళ్లీ తిరుగుతుంది.